గాలింపుకు చిక్కని లైను

పోయిన వారం వెతుకులమ్మను కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. మనకు వారం గడిచింది గానీ, తెరిచిన ఆమె నోరు ఇంకా మూతపడలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి కాస్త చెప్పుకుందాం. మందులు నిల్వ ఉంచే చల్లటి గదులకు కాపలా కాసే ప్రోగ్రాములు రాసే కంపెనీ అది. గది వేడెక్కితే అలారం మోగాలి. చెప్పుకోవడానికి అంతే పని. కంపెనీ వదినగారిది, అంటే వెతుకులమ్మ మొగుడికి స్వయానా అక్కది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచి, చదివించి, పక్కన కుర్చీ వేసి పని నేర్పిన అక్క. ఆ మధ్య ఒక గోదాములో గది వేడెక్కింది, అలారం మోగలేదు. మందు పాడైందని ఎవరికీ తెలియక దాన్నే పసిపిల్లలకు టీకాగా వేసేశారు. పిల్లలకేమీ కాలేదు, అంతవరకు అదృష్టం. కానీ వేసిన మందు ఉత్త నీళ్ళతో సమానం కనుక అందరికీ మళ్ళీ సూది పొడవాలి. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని తల్లులు ఆసుపత్రి గేటు దగ్గర బారులు తీరారు.

నిద్రపోయిన అలారాన్ని లేపే ప్రోగ్రాము ముక్క ఒకటుంది, దాని పేరు మేలుకొలుపు. అది అనవసరమని తీసి అవతల పారేసింది వెతుకులమ్మ మొగుడే. ఈ మధ్యాహ్నం విచారణాధికారి వస్తున్నాడు. 'నా అజాగ్రత్త వల్లనే జరిగింది' అన్న కాగితం మీద మొగుడు సంతకం పెట్టాలి. పెట్టాడంటే ఈ వృత్తిలో ఇక అతనికి కుర్చీ చూపించేవాడు ఉండడు.

అతను అజాగ్రత్తగా తీసెయ్యలేదన్నదే వెతుకులమ్మ బాధ. గాలించి మరీ తీశాడు. ఈ గాలింపు సంగతి తెలియకపోతే కథ లేదు. ప్రోగ్రాములు రాసుకునే సరంజామాలో వెతకడానికి ఒక పెట్టె వాళ్ళే ఇచ్చి ఉంటారు. పేరు కొడితే ఆ ముక్క ఎక్కడుందో చూపిస్తుంది, అంతకు మించి దానికి తెలివి లేదు. అయితే నేర్పితే నేర్చుకుంటుంది. ఎవరికి కావలసిన వెతుకు వాళ్ళు రాసి దానికి తగిలించుకోవచ్చు. వెతుకులమ్మ అదే చేసింది. గది పేరు కొడితే ఆ గదిని ముట్టుకునే ముక్కలన్నీ, ఒక ముక్క పేరు కొడితే దాన్ని వాడుకునే ముక్కలన్నీ వచ్చి వరసగా నిలబడేటట్టు రాసింది. ఆఫీసు దానికి గాలింపు అనీ, ఆమెకు వెతుకులమ్మ అనీ పేర్లు పెట్టింది. కొన్నాళ్ళకు దేన్నైనా తీసేసే ముందు "గాలించావా?" అని అడగడం, "గాలించా, ఎవరూ వాడట్లేదు" అంటే కళ్ళు మూసుకుని తీసెయ్యడం ఆనవాయితీ అయింది. గాలింపులో లేదంటే లోకంలోనే లేదు. నమ్మకం కాస్తా గుడ్డినమ్మకం అయినప్పుడు ఎవరూ డప్పు కొట్టి చెప్పరు కదా.

మొగుడు మేలుకొలుపును గాలించాడు, వాడేవాళ్ళు ఎవరూ లేరని వచ్చింది, తీసేశాడు. మరి వాడేవాళ్ళు లేకపోతే అలారం ఎందుకు మోగలేదు? తన గాలింపులోనే తప్పుందని ఆమె కుమిలిపోయింది. తిండి సహించక, ప్రతి గాలింపునూ విప్పి చూసింది. ఏమీ దొరక్క చివరికి ఒక కొత్త గాలింపు రాసింది: మిగతా గాలింపులన్నీ దేన్ని చూపించకుండా దాటేస్తున్నాయో వెతికి చూపించే గాలింపు. దానికి ఒకే ఒక్క లైను దొరికింది. జోల అనే ముక్కను ఎవరు వెతికినా చూపించవద్దని చెప్పే లైను. అలారాన్ని నిద్రపుచ్చే ముక్క జోల. ఆ తర్వాత దాన్ని లేపడానికి మేలుకొలుపును పిలిచేది కూడా అదే. అలాంటిది ఒకటి ఉందన్న సంగతే ఆమెకు అంతవరకు తెలియదు.

ఎవరు ఏ లైను రాసినా దాని కింద వాళ్ళ పేరు సరంజామాయే వేసుకుంటుంది. ఈ లైను కింద ఉన్నది ఆమె మొగుడి పేరు.

అదుగో, అక్కడ ఆపాం.

వెతుకులమ్మ ఆ కంప్యూటర్‌ను మూత కూడా వెయ్యకుండా రెండు చేతుల్తో పట్టుకుని లేచింది. హాల్లో తలలన్నీ ఆమెతో పాటే తిరిగాయి. వదినగారి గది తలుపు మోచేత్తో తోసుకుని లోపలికి వెళ్ళింది.

అద్దాల గది అది. తెరలు దించి ఉన్నాయి. గోడకి వదినగారు తొలిరోజుల్లో తన చేత్తో బిగించిన మొట్టమొదటి అలారం పెట్టె చిత్రపటంలా వేలాడుతోంది. ఎదుటివాళ్ళు కూర్చునే కుర్చీలు వదినగారి కుర్చీ కన్నా కాస్త పొట్టివి. అందులో ఒకదాంట్లో మొగుడు కలం పట్టుకుని, కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"తలుపు కొట్టడం మానేశామా?" అంది వదినగారు.

"సంతకం పెట్టేశారా?" అంది వెతుకులమ్మ మొగుడితో. ఇంట్లో ఇద్దరే ఉంటే నువ్వు అని పిలుస్తుంది. వదినగారి ఎదుట మీరు.

"లేదు, చదువుతున్నా."

"చదవడానికి అందులో ఏముందిరా, భారతమా?" అంది వదినగారు. "చూడమ్మాయ్, వాడికి చెప్పాల్సింది నేను చెప్పాను. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటాడు. గొడవ సద్దుమణిగాక వేరే పని ఏదో నేనే చూస్తాను. నేనేమన్నా పరాయిదాన్నా?"

వెతుకులమ్మ కంప్యూటర్‌ను సరిగ్గా ఆ కాగితం మీదే పెట్టింది. "ముందు ఇది చూడండి వదినా. గాలింపు సరిగ్గానే ఉంది. జోలను ఎవరో దాచారు. దాచబట్టే ఈయన గాలిస్తే ఖాళీ వచ్చింది. మేలుకొలుపు పోయింది కనుక, జోల నిద్రపుచ్చిన అలారాన్ని లేపే దిక్కు లేకపోయింది. ఇది ఈయన అజాగ్రత్త కాదు. కావాలని చేసిన దాపరికం."

వదినగారు కళ్ళజోడు పెట్టుకుంది. నింపాదిగా చదివింది. చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుంది.

"కింద ఎవరి పేరుందో చూశావా?"

"చూశాను."

"మరింకేం? నీ మొగుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి అడుక్కో. మొగుడూ పెళ్ళాల పంచాయితీకి నా గదే దొరికిందా?"

"పేరుదేముంది వదినా? కొత్త మెషిన్ వస్తే మనందరం ఏం చేస్తాం? పక్కవాళ్ళ సరంజామా మొత్తం ఎత్తి మన దాంట్లో పోసుకుంటాం. దాంతో పాటు వాళ్ళ పేరూ వచ్చేస్తుంది. మార్చుకోవాలని గుర్తుంటే మార్చుకుంటాం, లేకపోతే వాళ్ళ పేరుతోనే రాసుకుంటూ పోతాం. మీ మెషిన్ పాడైనప్పుడు మీరు ఎవరిది పోసుకున్నారు?"

"సగం ఆఫీసు వాడిదే పోసుకుంది. అందర్నీ పిలిచి వరసగా నిలబెడతావా? పిలవమంటావా?"

"జోల ఆ ఒక్క గోదాముకే తగిలించి ఉంది. అందరూ గోదాము వాళ్ళతో మాట్లాడరు కదా. ఆ గోదాము మీ ఒక్కరి చేతిలోనే ఉంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర గాలింపు లేదు కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది. వదినగారి మొహంలో మాత్రం రంగు మారలేదు. రంగు మారింది తమ్ముడి మొహంలో.

"నేనే రాశాను," అన్నాడు మొగుడు.

వెతుకులమ్మ అటు తిరిగింది.

"ఆ లైను నేనే రాశాను. జోల కూడా నాదే. ఇక వదిలెయ్."

ఆమెకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. అతను గాలింపులు రాయలేడు. ఆ సంగతి లోకంలో ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. పెళ్ళికి ముందు ఏ వంకా దొరక్క, "నాకో గాలింపు రాసి పెట్టవూ?" అంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చేవాడు. అక్కర్లేని గాలింపులు అడిగేవాడు. ఒకసారి ఆమె రాసిన ముక్కలన్నీ ఒక్కచోట చూపించే గాలింపు కావాలన్నాడు. ఎందుకని అడిగితే చెవులు ఎర్రబడేలా నవ్వాడు. ఆమె అది కూడా రాసిచ్చింది. వాళ్ళ ప్రేమ వ్యవహారమంతా అతనికి ఆ పని రాకపోవడం మీదే నడిచింది. పెళ్ళయ్యాక కూడా అతను నేర్చుకోలేదు, ఆమె నేర్పలేదు. అడిగించుకోవడం ఆమెకు ఇష్టం.

ఇప్పుడు ఆ రాని పనే నెత్తిన వేసుకుంటున్నాడు. తన పెళ్ళాం దృష్టిలో దొంగ కావడానికైనా సిద్ధమే గానీ, అక్క మీద మాట పడితే మాత్రం ఓర్చుకోలేడు. ఆ తూకంలో తాను ఎటువైపు, ఎంత బరువు తూగిందో వెతుకులమ్మకు తెలిసిపోయింది.

"సరే," అంది. "నువ్వే రాశావు కదా. ఇంకోసారి రాయి."

వదినగారు తలెత్తింది. నువ్వు అన్న మాట ఆవిడ చెవిన పడటం అదే మొదటిసారి.

"ఏంటి?" అన్నాడు మొగుడు.

"ఆ లైను చెరిపెయ్. చెరిపేసి, మళ్ళీ రాయి. ఇక్కడే, మా ఇద్దరి ముందు. చేతిలో ఉన్న పనే కదా."

"ఇప్పుడు ఇదంతా ఎందుకు..."

"రాయి."

అతను కంప్యూటర్‌ను తన వైపు తిప్పుకున్నాడు. లైను చెరిపేశాడు. అంతవరకు ఎవడైనా చేస్తాడు. తర్వాత వేళ్ళు ఆగిపోయాయి. ఒక చోట తెరిచాడు, అది కాదు. ఇంకోచోట తెరిచాడు, అదీ కాదు. ఏదో కొట్టాడు, సరంజామా ఎర్రగా గీత గీసి తిప్పి కొట్టింది. చెరిపాడు. మళ్ళీ కొట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒకప్పుడు ఆ ఎరుపు చూసి ఆమె మురిసిపోయింది. అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరాడవాళ్ళ మధ్య ఆ పొట్టి కుర్చీలో కూర్చుని, పరీక్షలో ఏమీ రాని పిల్లాడిలా చెమటలు కారుస్తున్నాడు. వెతుకులమ్మకు జాలేసింది. అయినా ఆపమనలేదు.

"తప్పుకో," అంది వదినగారు.

లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. తమ్ముడి భుజం మీద నుంచి వంగి, కళ్ళజోడైనా పెట్టుకోకుండా, నిలబడే కొట్టేసింది. తెరవాల్సిన చోటు తెరిచి, రాయాల్సింది రాసి, మూసింది. కూరలో ఉప్పు వేసినంత సేపు పట్టలేదు. లైను ఎక్కడ ఉండాలో అక్కడికి వచ్చి కూర్చుంది, అక్షరం పొల్లుపోకుండా.

"చాలా?" అంది. "నా ఎదుట వాణ్ణి కూర్చోబెట్టి కోతిని ఆడించినట్టు ఆడిస్తావా? నేను పెంచినవాణ్ణి?"

వెతుకులమ్మ వదినగారి వేళ్ళ వంక చూసింది. "ఇది మీకెలా వచ్చు వదినా?"

"నువ్వే నేర్పావు. భోజనాల గదిలో అందర్నీ కూర్చోబెట్టి క్లాసు పెట్టావు, గుర్తులేదా? చెత్తంతా అడ్డం రాకుండా గాలింపు నుంచి ఎలా తప్పించాలో బోర్డు మీద రాసి మరీ చూపించావు. నీ క్లాసులో శ్రద్ధగా కూర్చున్నది నేనొక్కదాన్నే. వీడు నీ మొహం చూస్తూ కూర్చున్నాడు."

మొగుడు తల వంచుకున్నాడు.

"ఎందుకు దాచారు?"

"ఎందుకా?" వదినగారు తన కుర్చీలోకి వెళ్ళి కూలబడింది. "తలుపు తీసినప్పుడల్లా అలారం గీపెడుతోందని ఆ గోదాములో పనివాళ్ళు ఏకంగా తీగే పీకి పడేస్తున్నారు. వద్దంటే వింటారా? పీకిన తీగ కన్నా కాసేపు పడుకుని లేచే అలారం నయం కాదూ? అందుకే జోల రాశాను. అలారాన్ని నిద్రపుచ్చే ముక్క ఏదీ ఉండకూడదని రూలు. తనిఖీవాళ్ళు వచ్చి నీ గాలింపే తెరిచి చూస్తారాయె. కనపడితే కంపెనీకి తాళం. హాల్లో కూర్చున్న ఇంతమంది ఇళ్ళల్లో పొయ్యి ఆరుతుంది. దాచాను. మేలుకొలుపు తీసే ముందు వీడు నన్నొక మాట అడుగుతాడనుకున్నాను."

"ఎందుకడుగుతారు? గాలించారు కదా."

మొదటిసారిగా వదినగారు చూపు పక్కకు తిప్పుకుంది.

వెతుకులమ్మ మొగుడి వైపు తిరిగింది. అడగకుండా ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అడిగింది.

"నీకు తెలుసా?"

అతను నీళ్ళు నమిలాడు. "తెలుసు. గోదాము సంగతి బయటపడిన రోజే అక్క చెప్పింది."

"ఆ రోజేనా?" అంది. "నా గాలింపే తప్పేమో, పసిపిల్లలకు నా వల్లే సూదులు పొడుస్తున్నారేమో అని నేను తిండి మానేసి ఏడుస్తుంటే నీకు తెలుసా? పక్కన కూర్చుని, ఏం కాదులే ఊరుకో అని వీపు నిమిరావు కదయ్యా. ఆ నిమిరేటప్పుడు కూడా తెలుసా?"

"చెబితే నువ్వు ఊరుకోవని..."

"ఊరుకోను. నిజమే."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఇంతకాలం కాపురం చేసిన మనిషిలో ఇంత పెద్ద ముక్క తనకు కనపడకుండా ఉండిపోయింది. ఎవరో దాచలేదు, అతనే దాచుకున్నాడు. లోకంలో పోయినవన్నీ వెతికి పెట్టే ఆడదానికి ఇంట్లో ఉన్నది కనిపించకపోవడం కంటే అవమానం ఇంకేముంటుంది?

కంప్యూటర్ కింద నుంచి ఆ కాగితం లాగి మొగుడి ముందు పరిచింది. "నేను అడిగేది ఒక్కటే. దీని మీద సంతకం పెట్టకు. ఆయన వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పు. నేను చెబితే ఆడపడుచు మీద కక్ష అంటారు. నువ్వు చెప్పాలి. చెప్తావా?"

"అడుగు, అడుగు," అంది వదినగారు. గొంతులో వెటకారం ఉంది గానీ చెయ్యి బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉంది. "వాడి నోట చెప్పించు, చూస్తాను."

మొగుడు కలానికి మూత పెట్టాడు. కాగితాన్ని మధ్యకి మడిచి, మళ్ళీ మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"చెప్తాను," అన్నాడు.

వదినగారి మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. తప్పు చేసిన మనిషే అయినా, ఆ క్షణాన ఆవిణ్ణి చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. వెతుకులమ్మకు కూడా అనిపించింది. కానీ అంతకన్నా ముందు, ఎన్నాళ్ళకో ఊపిరి ఆడినట్టు అనిపించింది.

అంతలో తలుపు మీద ఎవరో మర్యాదగా వేలితో తట్టారు.

విచారణాధికారి అనుకున్న వేళ కన్నా ముందే వచ్చేశాడు. బక్కపల్చటి మనిషి. లిఫ్టు పనిచెయ్యక మెట్లెక్కి వచ్చినందుకు రొప్పుతూ, మెడ తుడుచుకుంటూ అందరికీ నమస్కారం పెట్టాడు. సంచి కుర్చీకి తగిలించాడు.

"ఏమనుకోకండి, ముందే వచ్చాను కదా అని బయట హాల్లో మీ వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాను," అన్నాడు. "ఆ మేలుకొలుపు ఏదో ఎవరూ వాడట్లేదని గాలింపు చూపించడం వల్లే తీసేశారట కదా? ఇక్కడ అందరూ అలాగే చేస్తారట. అలాగైతే తీసినాయన్ని అనడానికేముంది? తప్పు ఆ గాలింపుది. అదెవరు రాశారండీ?"

ప్రశ్న అడిగింది ఎవర్నీ కాదు. కానీ ముగ్గురిలో ఇద్దరు మూడో మనిషి వైపు చూశారు.

మొగుడు నోరు తెరిచాడు. వెతుకులమ్మను చూశాడు. అక్కను చూశాడు. అక్క అతన్ని చూడటం లేదు. గోడకి వేలాడుతున్న ఆ పాత అలారం పెట్టెను చూస్తోంది. ఆ పెట్టె బిగిస్తుంటే చిన్నప్పుడు పక్కన నిలబడి మేకులు అందించింది ఈ తమ్ముడే.

"మా ఆవిడండీ," అన్నాడు.

అబద్ధం కాదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఆ తర్వాత చెప్పాల్సిన మాట కోసం వెతుకులమ్మ ఎదురుచూసింది. అతను ఇంకేమీ చెప్పలేదు. జేబులో కాగితం మీద చెయ్యి వేసుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు.

"మీరేనా అమ్మా?" అధికారి ఆమె వైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీద తెరిచి ఉన్న కంప్యూటర్‌ను తన వైపు తిప్పుకున్నాడు. "ఇదేనా? ఈ పని నాకూ కొంచెం తెలుసు లెండి." వేలు పెట్టి మెల్లగా చదివాడు. "జోలను... చూపించవద్దు. అంటే ఏదో దాచమంటోందే ఇది! దీని కింద పేరు కూడా ఉంది."

వెతుకులమ్మ తొంగి చూసింది. ఆ కంప్యూటర్ ఆమెది. పాత లైను చెరిపించింది ఆమె. దాని స్థానంలో వదినగారు వచ్చి కొట్టిన కొత్త లైను కింద సరంజామా తన పని తాను చేసుకుపోయింది. అక్కడ ఉన్నది ఆమె పేరు.

చెరిపింది ఈ ఒక్క కంప్యూటర్లో ఉన్న నకలునే. అసలు లైను బయట హాల్లో మెషిన్లన్నిట్లో ఇంకా ఉంది, పాత పేరుతోనే. తీసుకొచ్చి చూపిస్తే తాను బయటపడుతుంది. కానీ ఆ పాత పేరు మొగుడిది. ఇక్కడ వెతికితే తన పేరు, అక్కడ వెతికితే అతని పేరు. ఎంత గాలించినా వదినగారి పేరు మాత్రం ఎక్కడా దొరకదు.

"చెప్పండమ్మా," అన్నాడు అధికారి. "ఈ పేరు మీదేనా?"

వదినగారు గ్లాసులో మంచినీళ్ళు పోసి, ఆమె ముందుకు జరిపింది.

"తాగి చెప్పు, అమ్మాయ్. తొందరేం లేదు," అంది.